పొగకు దారి చూపడం: సుబేదారి పెరట్లో ఆఫ్‌సెట్ స్మోకర్ ఎంపిక

మన పత్రికలో కవితలు, కథలు, పుస్తక పరిచయాలు వస్తూనే ఉంటాయి. ఈసారి ఒక పొయ్యి గురించి రాస్తున్నాను. సాహిత్య సంఘానికి పొయ్యితో ఏం పని అని కొందరు అడగొచ్చు. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ మనం ఇంగ్లిషులో చదివి, ఇంగ్లిషులో పరీక్ష రాసి, ఇంగ్లిషులోనే మర్చిపోతున్నాం. అదే విషయాన్ని అమ్మకో, ఇంటి ఓనరుకో తెలుగులో చెప్పాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది, మనకు ఎంత అర్థమైందో. నాకు ఆ అవసరం సుబేదారిలో మేం అద్దెకుంటున్న ఇంట్లో వచ్చింది.

మేం ఆరుగురం. తలా రెండు వేలు వేసుకున్నాం. ఇంటి వెనకాల నాలుగు మంచాలు పట్టేంత పెరడు ఉంది. అక్కడ ఆదివారం పూట మాంసం పొగబెట్టి వండుకోవడానికి ఒక స్మోకర్ చేయించాలనుకున్నాం. మా పైపోర్షన్‌లో ఇంటి ఓనరు పెద్దమ్మ ఉంటుంది. ఆమెకు ఆయాసం. అడిగితే ఆమె కాదనలేదు. ఒక్క మాట అన్నది: "బిడ్డా, మీరు ఏమన్న వండుకోండ్రి. గానీ పొగ మాత్రం నా కిటికీ దిక్కు రానియ్యొద్దు. రాత్రంత ఆయాసమైతది." ఆ మాటతో మా డిజైన్‌కు అన్నిటికంటే పెద్ద షరతు దొరికింది. పన్నెండు వేలు పోతే మళ్లీ కూడబెట్టుకోవచ్చు. ఆమె ఊపిరితో మాత్రం ప్రయోగాలు చేయలేం.

పొగ మనకు కొత్త కాదు

పొగ రుచి మనకు తెలియనిదేం కాదు. మ్యాక తలకాయ, కాళ్లు తెస్తే ముందు మంట మీద బొచ్చు కాల్చి, గీకి, కడిగి, తర్వాతే కూర వండుతారు. తలకాయ కూరకు ఆ ప్రత్యేకమైన వాసన అక్కడినుంచే వస్తుంది. మొక్కజొన్న కంకి నిప్పుల మీద కాలుస్తాం. వంకాయ కాల్చి పచ్చడి చేస్తాం. మారేడుమిల్లి దిక్కు వెదురు బొంగులో కోడిమాంసం కూరి నిప్పుల మీద పెడతారు.

వీటిలో తేడా గమనించాలి. తలకాయ, కంకి, వంకాయ మంటకు ఎదురుగా ఉంటాయి. బొంగు చికెన్‌లో మాంసం బొంగు లోపల తన ఆవిరికి తనే ఉడుకుతుంది, పొగ తగిలేది తక్కువ. స్మోకర్ ఈ రెండు పద్ధతుల్లో దేనిలాంటిదీ కాదు. అందులో మంట ఒకచోట, మాంసం ఒకచోట ఉంటాయి. మంట నుంచి వచ్చే వేడి గాలి, పొగ మాత్రమే మాంసం మీదుగా పోతాయి. ఉష్ణోగ్రత 110 నుంచి 135 డిగ్రీల మధ్య గంటల తరబడి నిలవాలి. మంట పక్కకు జరిగి ఉంటుంది కాబట్టే దాన్ని ఆఫ్‌సెట్ అన్నారు.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన ప్రాంతం అమెరికాలోని టెక్సాస్. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వలస వచ్చిన జర్మన్లు, చెక్ జాతివారు మాంసం దుకాణాలు పెట్టి, అమ్ముడుపోని మాంసాన్ని పొగబెట్టి అమ్మేవారు. లాక్‌హార్ట్ ఊళ్లో 1900లో మొదలైన క్రూట్స్ మార్కెట్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ పొడవైన ఇటుక గూళ్లు ఉంటాయి. ఒక చివర నేల మీదే కట్టెల మంట, రెండో చివర పొగగొట్టం. తర్వాతి కాలంలో చమురు బావుల దగ్గర పనిచేసే వెల్డర్లు మిగిలిపోయిన మందపాటి పైపులతో అదే పనిని ఇనుములో చేశారు. ఇప్పుడు డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ల పెరళ్లలో కూడా ఇవి కనబడుతున్నాయి. మా కజిన్ అన్న వీడియో కాల్‌లో చూపించింది అలాంటిదే. అతను అందులో పెట్టేది మ్యాక తొడ, రాసేది అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, ఎండుమిర్చి.

హైదరాబాద్‌లో పుట్టిన అన్నయ్య

ఈ అంశం మీద చదువుతుంటే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయం టెక్సాస్‌ది కాదు, హైదరాబాద్‌ది. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు పొగలేని మట్టి పొయ్యి ఒకటి రూపొందించారు. ఆ సంస్థ పేరులోని ఇంగ్లిషు పొడి అక్షరాలతో దాన్ని 'హెర్ల్ చూలా' అన్నారు. లక్షల వంటిళ్లకు పొగ బాధ తప్పించడం ఎలాగో చెబుతూ ఆయన ఇంగ్లిషులో రాసిన చిన్న పుస్తకం 1953లో వచ్చింది. మనదేశంలో పొగగొట్టం ఉన్న పొయ్యిల గురించి ఎవరు మాట్లాడినా ఆ పేరు ముందు వరుసలో వస్తుంది.

ఆ పొయ్యి నిర్మాణం చూడండి. ఒక చివర కట్టెలు పెట్టే నోరు. అక్కడినుంచి వేడి వాయువులు కుండల కింద ఉన్న సొరంగం గుండా పోతాయి. రెండో చివర పొగగొట్టం గుండా కప్పు పైకి వెళ్లిపోతాయి. మంట, వండే చోటు, పొగగొట్టం అన్నీ ఒకే వరుసలో. మన ఆఫ్‌సెట్ స్మోకర్ వరుస కూడా అదే! ఒక్క తేడా ఏమిటంటే, రాజుగారి పొయ్యిలో పొగ కుండ అడుగును తాకి పోతుంది, తిండిని తాకదు. స్మోకర్‌లో తిండిని తాకి పోతుంది. రెండింటికీ కావలసింది ఒకటే: పొగ వెనక్కి తిరక్కుండా, ఆగకుండా, మనం చెప్పిన దారిలో పోవాలి.

పెద్దమ్మకు ఇదంతా చెప్పినప్పుడు ఆమె, "మా అత్తగారింట్ల గసొంటి పొయ్యి ఉంటే నాకీ దగ్గు ఉండకపోవు" అన్నది. ముప్పై ఏండ్లు కట్టెల పొయ్యి ఊదిన మనిషి ఆమె. ఆ మాట విన్నాక నాకు డ్రాఫ్ట్ అనే పదం పాఠ్యపుస్తకంలో పదంలా అనిపించలేదు.

నాలుగు డిజైన్లు, నాలుగు గుణాలు

మా ముందు నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది నిలువు డ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్ము నిలబెట్టి, అడుగున బొగ్గులు, పైన జాలీ, మూత. అందరికంటే చౌక. బొగ్గు కూడా తక్కువే పడుతుంది. వెల్డింగ్ దాదాపు ఉండదు. కానీ మాంసం సరిగ్గా నిప్పుల పైనే ఉంటుంది. కొవ్వు కారి నిప్పుల మీద పడితే గుప్పున పొగ లేస్తుంది. ఆ పొగ ఎప్పుడు లేస్తుందో మన చేతిలో ఉండదు. మాంసం కదిలించకుండా కట్టె వేయడం కూడా కష్టం.

రెండోది నేరు ఆఫ్‌సెట్. డ్రమ్ము పడుకోబెట్టి, ఒక పక్కన మంటపెట్టె, రెండో పక్కన పొగగొట్టం. కట్టెలు వేయడానికి వంటగది మూత తీయనక్కర్లేదు. దీని బలహీనత ఏమిటంటే మంట పక్క ఎక్కువ వేడి, దూరం పక్క తక్కువ.

మూడోది రివర్స్ ఫ్లో. ఇందులో జాలీ కింద పొడవునా ఒక ఇనుప పలక ఉంటుంది. వేడి గాలి పలక కింద నుంచి దూరపు చివరకు పోయి, అక్కడ పైకి తిరిగి, మాంసం మీదుగా వెనక్కి వచ్చి, మంటపెట్టె వైపే ఉన్న పొగగొట్టంలోకి పోతుంది. వేడి సమానంగా పరుచుకుంటుంది. కానీ దారి రెట్టింపు అవుతుంది, మలుపులు పెరుగుతాయి, ఇనుము ఎక్కువ పడుతుంది, వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది.

నాలుగోది ఇటుకల గూడు. వేడిని పట్టి ఉంచడంలో దీనికి సాటి లేదు. సొంత ఇల్లు ఉన్నవాళ్లు దీని గురించి తప్పకుండా ఆలోచించాలి. మాది అద్దె ఇల్లు. ఫైనలియర్ కాగానే ఇటుకలు మూటగట్టుకుని పోలేం కదా.

నాలుగోది పోయింది. మొదటిదాన్ని పెద్దమ్మ షరతు కొట్టేసింది, ఎందుకంటే కొవ్వు పొగ మన మాట వినదు. మిగిలినవి నేరు ఆఫ్‌సెట్, రివర్స్ ఫ్లో. ఈ రెండింటి మధ్య తేల్చాల్సింది లెక్క.

లెక్క: పావు మిల్లీమీటరు బలం

పొగగొట్టం ఎందుకు లాగుతుంది? లోపలి వాయువు వేడిగా ఉంటుంది కాబట్టి తేలిక. బయటి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి బరువు. బరువైన గాలి కింద నుంచి దూరి తేలికైన గాలిని పైకి నెడుతుంది. ఆ తోపుడు ఎంత అంటే: సాంద్రతల తేడాను, గురుత్వ త్వరణాన్ని, గొట్టం ఎత్తును గుణించాలి.

మే నెల మధ్యాహ్నం మన వరంగల్‌లో 40 డిగ్రీలు అనుకుందాం. ఆ గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.13 కిలోలు. గొట్టంలో 120 డిగ్రీల వాయువు సాంద్రత సుమారు 0.90. తేడా 0.23. గొట్టం ఎత్తు 1.2 మీటర్లు అయితే తోపుడు సుమారు 2.7 పాస్కల్స్. దీన్ని నీటి మట్టంలోకి మారిస్తే పావు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అంతే! మన స్మోకర్ మొత్తం ఆ కాస్త బలంతోనే నడవాలి.

జనవరి రాత్రి 15 డిగ్రీలు ఉంటే బయటి గాలి సాంద్రత 1.23 దాకా పెరుగుతుంది. తోపుడు 3.9 పాస్కల్స్‌కు దగ్గరగా వస్తుంది. అంటే అదే పొయ్యి చలికాలం కంటే ఎండాకాలంలో ముప్పై శాతం తక్కువ బలంతో లాగుతుంది. చల్లటి దేశాల వాళ్లు గీసిన డిజైన్‌ను మనం ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఎండాకాలం పొగ మూత సందుల్లోంచి ఎందుకు కారుతుందో ఇక్కడే అర్థమవుతుంది.

ఇక్కడే రివర్స్ ఫ్లో ఆలోచన పక్కకు పోయింది. పెద్ద పెద్ద ట్యాంకులతో చేసిన స్మోకర్లలో అది బాగా పనిచేస్తుంది. కానీ 85 సెంటీమీటర్ల పొడవున్న డ్రమ్ములో దారిని రెట్టింపు చేసి, ఒక పూర్తి మలుపు తిప్పితే, ఉన్న 2.7 పాస్కల్స్‌లో ఎక్కువ భాగం ఆ మలుపులకే ఖర్చవుతుంది. గాలి తగ్గితే మంట మగ్గుతుంది. మంట మగ్గితే తెల్ల పొగ. తెల్ల పొగ అంటే పెద్దమ్మ కిటికీ. కాబట్టి నేరు ఆఫ్‌సెట్.

కొలతలు ఇలా వేశాం. డ్రమ్ము లోపలి వ్యాసం సుమారు 57 సెం.మీ., పొడవు 85 సెం.మీ. ఘనపరిమాణం 200 లీటర్ల పైచిలుకు. మంటపెట్టె వంటగదిలో మూడో వంతు ఉండాలన్నది స్మోకర్లు చేసేవాళ్లు సాధారణంగా పాటించే లెక్క. ఆ ప్రకారం సుమారు 70 లీటర్లు. ప్రతి పక్కా 41 సెం.మీ. ఉన్న చతురస్రపు పెట్టె సరిపోతుంది.

మంటపెట్టెకు, డ్రమ్ముకు మధ్య ద్వారం డ్రమ్ము అడుగున అర్ధచంద్రంలా కోయించాం. మధ్యలో ఎత్తు 10 సెం.మీ. అయితే దాని వైశాల్యం సుమారు 300 చదరపు సెం.మీ. వస్తుంది. నాలుగు అంగుళాల పొగగొట్టం వైశాల్యం సుమారు 80 చదరపు సెం.మీ. మాత్రమే. అంటే ద్వారం దగ్గర గాలికి ఇరుకు లేదు. వేగాన్ని నిర్ణయించేది గొట్టమే.

గొట్టాన్ని డ్రమ్ము నెత్తిన కాకుండా, దూరపు చివరన, జాలీ మట్టానికి బిగించాలి. నెత్తిన పెడితే వేడి గాలి మాంసాన్ని ముట్టకుండా కప్పు పట్టుకుని పారిపోతుంది. జాలీ మట్టంలో పెడితే మాంసం మీదుగా పోక తప్పదు.

మంట పక్క ఎక్కువ వేడి అన్నాం కదా, దానికి మందు ద్వారం దగ్గర వాలుగా పెట్టే ఒక చిన్న పలక. డ్రమ్ము పొడవులో మూడో వంతు దాకా వస్తే చాలు. మంట సెగ నేరుగా మాంసానికి కొట్టకుండా అది అడ్డుకుంటుంది. ఈ పలకను వెల్డ్ చేయించొద్దు. జరుపుకునేలా వదిలేయాలి. ఎక్కడ పెడితే వేడి సమానంగా వస్తుందో తెలుసుకోవడానికి మేం జాలీ నిండా బ్రెడ్ ముక్కలు పరిచి మూత పెట్టాం. ఏ ముక్క ముందు మాడిందో చూస్తే చాలు, వేడి పటం కళ్లముందు ఉంటుంది. థర్మోకపుల్ లేని ల్యాబ్ ఇది. ఎండిన ముక్కలు రాత్రికి డబుల్ కా మీఠా అయ్యాయి.

ఇనుము మందం: డబ్బు ఎక్కడ పెట్టాలి?

డ్రమ్ము రేకు మందం దాదాపు 1.2 మి.మీ. అది గాలిని ఆపుతుంది కానీ వేడిని దాచుకోదు. మూత తీసిన ప్రతిసారీ ఉష్ణోగ్రత దిగిపోతుంది. మొత్తం 6 మి.మీ. ఇనుముతో చేయించుకుంటే అద్భుతం. కానీ పన్నెండు వేలకు రాదు, నలుగురు ఎత్తినా లేవదు.

హన్మకొండలో మాకు పని చేసిపెట్టిన వెల్డింగ్ అన్న ఒక్క మాటలో తేల్చేశాడు: "తమ్మీ, డ్రమ్ముకు మంట తాకితే రెండేండ్లల్ల జల్లెడైతది. మంట పెట్టెకు మాత్రం మందం షీటు పెట్టించుకో, పైసలు ఆడనే పెట్టు." లెక్క కూడా ఆయన మాటే చెబుతోంది. 41 సెం.మీ. పెట్టె ఆరు ముఖాలకు కలిపి దాదాపు ఒక చదరపు మీటరు షీటు పడుతుంది. 5 మి.మీ. మందమైతే బరువు సుమారు 40 కిలోలు. 3 మి.మీ. అయితే 24 కిలోలు. ఆ అదనపు పదహారు కిలోలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, ఎర్రగా కాలి వంగిపోకుండా నిలబడతాయి. రెండు, కొత్త కట్టె వేసినప్పుడు పెట్టె చల్లబడకుండా ఆ కట్టెను వెంటనే అంటిస్తాయి. కట్టె ఎంత త్వరగా అంటుకుంటే పొగ అంత శుభ్రం.

కొనేటప్పుడు మూడు ఎర్ర జెండాలు

ఒకటి, డ్రమ్ములో ముందు ఏముండేదో తెలియకపోతే కొనొద్దు. రసాయనాలు, పురుగుమందులు, పెయింటు ఉన్నవి ఎంత కాల్చినా, ఎంత తోమినా వద్దు. వంటనూనెలాంటి తినే సరుకు వచ్చిన డ్రమ్మే తీసుకోవాలి, పైమూత పూర్తిగా ఊడేదైతే ఇంకా మంచిది. మూసి ఉన్న డ్రమ్ముకు గ్యాస్ కటింగ్ పెట్టనివ్వొద్దు. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. లోపలి పూత, బయటి రంగు పోయేదాకా ఒకసారి పెద్ద మంటతో ఖాళీ జాగలో కాల్చాలి. ఆ పని ఇళ్ల మధ్య చేయకూడదు.

రెండు, జీఐ షీటు, జీఐ పైపు వాడొద్దు. దాని మీదున్న జింకు పూత 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వెల్డింగ్‌లో, మంట తగిలే చోట వచ్చే జింకు పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. నల్ల ఇనుమే అడగండి.

మూడు, పాత ఎల్‌పీజీ సిలిండరు. అమెరికాలో పెద్ద ప్రొపేన్ ట్యాంకులతో స్మోకర్లు చేస్తారు, వీడియోల్లో చూసే ఉంటారు. మన ఇళ్లలోని సిలిండరు మనది కాదు, గ్యాస్ కంపెనీ ఆస్తి. దాన్ని కోయడం నేరానికి నేరం, ప్రాణానికి ప్రమాదం.

పొగ రంగు చదవడం

ఇక అసలు విషయం. స్మోకర్ అంటే బాగా పొగ రావాలని చాలామంది అనుకుంటారు. నిజానికి మంచి స్మోకర్‌లో పొగ కనబడీ కనబడనట్టు ఉంటుంది, పల్చటి నీలిరంగులో.

కట్టె వేడెక్కితే ముందు అందులోని తేమ పోతుంది. తర్వాత హెమిసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్ వరసగా విడిపోయి వాయువులు అవుతాయి. మనం మెచ్చుకునే పొగ వాసనలో ముఖ్యభాగం లిగ్నిన్ నుంచి వచ్చే గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలది. ఈ వాయువులకు సరిపడా గాలి, వేడి దొరికితే అవి మంటగా కాలిపోతాయి, కొద్దిపాటి వాసన మిగులుతుంది. గాలి చాలకపోతే కాలని తారు, తేమ బిందువులుగా బయటికొస్తాయి. అదే దట్టమైన తెల్ల పొగ. అది మాంసం మీద పేరుకుంటే చేదు, ఊపిరితిత్తుల్లో పేరుకుంటే జబ్బు.

కాబట్టి ఉష్ణోగ్రత ఎక్కువైందని గాలి తలుపు మూసేయడం సరైన పద్ధతి కాదు. మంటనే చిన్నది చేయాలి. పొగగొట్టం మీది మూత ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. మణికట్టు మందం ఉన్న ఎండిన కట్టె ఒకటి, అరగంటకో, నలభై నిమిషాలకో వేస్తూ ఉంటే చాలు. గంటకు కిలో కట్టె కాలిందనుకోండి, ఎండు కట్టెలో కిలోకు 15-16 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి నాలుగు కిలోవాట్ల పైచిలుకు వేడి వస్తుంది. రెండు ఇండక్షన్ స్టవ్‌లు ఫుల్‌లో పెట్టినంత. ఇంత చిన్న డ్రమ్ముకు దాదాపు ఆ మేరకే కావాలి.

మన కట్టెలు

టెక్సాస్‌లో ఓక్, హికరీ, మెస్కీట్ అంటారు. మనకు హికరీ ఎక్కడ దొరుకుతుందని దిగులు పడక్కర్లేదు. మెస్కీట్‌కు దగ్గరి చుట్టం మన చెరువు గట్ల మీద, రైలు పట్టాల పక్కన అడ్డదిడ్డంగా పెరుగుతోంది. సర్కారు తుమ్మ! రెండూ ఒకే ప్రజాతి చెట్లు. దాని పొగ ఘాటు ఎక్కువ. కోడికి కొద్దిగా, మాంసానికి ఇంకాస్త వాడుకోవచ్చు. మామిడి, జామ పొగ మెత్తగా ఉంటుంది, చేపకూ కోడికీ బాగుంటుంది. నల్లతుమ్మ, చింత గట్టి కట్టెలు, నిప్పులు చాలాసేపు నిలుస్తాయి.

వేప వద్దు, చేదు. నీలగిరి వద్దు, నూనె ఎక్కువ. ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్క, పాత కిటికీ రెక్కలు అసలే వద్దు. ఏ కట్టైనా కనీసం ఒక ఎండాకాలం ఎండి ఉండాలి. రెండు కట్టెలు కొడితే టంగుమనాలి, దబ్బుమంటే ఇంకా పచ్చిదని అర్థం.

గాలి వాటం, పెద్దమ్మ కిటికీ

పల్చటి నీలిపొగ కూడా పొగే. అందులోనూ సన్నటి రేణువులు ఉంటాయి. డిజైన్ వాటిని తగ్గిస్తుంది కానీ మాయం చేయదు. ఈ నిజాన్ని ఒప్పుకుంటేనే మిగతా పని సరిగ్గా చేయగలం.

వానాకాలంలో గాలి నైరుతి నుంచి, చలికాలంలో ఎక్కువగా ఈశాన్యం, తూర్పుల నుంచి వీస్తుందని స్కూల్లో చదువుకున్నాం. కానీ ప్రహరీ గోడలు, పక్క బిల్డింగులు ఉన్న పెరట్లో గాలి పుస్తకం చదవదు, గోడ తగిలి తిరుగుతుంది. అందుకే మేం పదిహేను రోజులు పొద్దున, సాయంత్రం పెరట్లో మూడు చోట్ల అగరుబత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో నోటుబుక్కులో గీసుకున్నాం. పెద్దమ్మ కిటికీకి దూరంగా, పొగ ఎక్కువసార్లు వీధి వైపు పోయే మూల ఒకటి తేలింది. స్మోకర్ అక్కడికి పోయింది. డ్రమ్ము మూత సందులు ఎక్కడ లీకవుతున్నాయో చూడటానికి కూడా అగరుబత్తే వాడాం. సందు దగ్గర పెడితే పొగ లోపలికి లాగుతోందా, బయటికి తోస్తోందా అన్నది తెలిసిపోతుంది.

తర్వాత మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. వెలిగించే ముందు అగరుబత్తి చూడాలి. పొగ కిటికీ వైపు పోతే ఆ రోజు స్మోకర్ లేదు, కుక్కర్‌లో కూర వండుకోవాలి. ఈ నియమం వల్ల మసాలా పట్టించిన మాంసం కుక్కర్‌లోకి పోయిన ఆదివారాలు ఉన్నాయి. ఎవరూ గొణగలేదని చెప్పను. కానీ ఎవరూ నియమం దాటలేదు.

ఇంకో మాట. దీన్ని షెడ్డులో, వరండాలో, తలుపులు మూసిన చోట ఎప్పుడూ వెలిగించొద్దు. మిగిలిన నిప్పుల్ని చలి కాచుకోవడానికి గదిలోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

మ్యాక తొడ, కొర్రమీను

అమెరికన్ పద్ధతి కొవ్వు పట్టిన పెద్ద మాంసపు ముక్కలకు తయారైంది. మన మ్యాక మాంసంలో కొవ్వు తక్కువ, త్వరగా ఎండిపోతుంది. కాబట్టి తొడను ఎముకతోనే పెట్టాలి. ముందురోజు రాత్రి ఉప్పు, పెరుగు, అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎండాకాలం బయట వదిలేస్తే సూక్ష్మజీవులకు పండుగ.

తొడ లోపలి ఉష్ణోగ్రత 65-70 డిగ్రీల దగ్గరికి వచ్చాక గంటల తరబడి కదలదు. పొయ్యి పాడైందని కంగారు పడొద్దు. మాంసం మీద తేమ ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతోంది. మన మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ, కిటికీలో కూలర్ పనిచేసేదీ ఈ సూత్రంతోనే. అప్పుడు తొడను అరిటాకులో గట్టిగా చుట్టి మళ్లీ పెడితే ఆవిరి ఆగిపోయి ఉష్ణోగ్రత కదులుతుంది. 70 డిగ్రీలు దాటాక కొలాజెన్ మెల్లగా జెలటిన్‌గా మారుతుంది. 90 దాటేసరికి పుల్ల గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. కోడికి ఇంత ఓపిక అక్కర్లేదు, లోపల 74 డిగ్రీలు తాకితే చాలు. మన రాష్ట్ర చేప కొర్రమీను ఇంకా త్వరగా అవుతుంది. ముళ్లు తక్కువ, కండ గట్టి కాబట్టి జాలీ మీద విరిగిపోదు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి?

ఇద్దరు ముగ్గురే తినేవాళ్లు, చుట్టూ ఇళ్లు దూరంగా ఉన్నవాళ్లు నిలువు డ్రమ్ముతో మొదలుపెట్టండి, చౌకగా నేర్చుకోవచ్చు. సొంత జాగ ఉంటే ఇటుకల గూడు కట్టండి. పెద్ద పైపు, మందం షీటు, నాలుగైదు అడుగుల పొడవు, ఖర్చు పెట్టే స్తోమత ఉంటే రివర్స్ ఫ్లో ఆలోచించండి. మాలాగా డ్రమ్ముతో, తక్కువ డబ్బుతో, పక్కింటి ఊపిరి గురించి ఆలోచిస్తూ చేసేవాళ్లకు మందం మంటపెట్టె ఉన్న నేరు ఆఫ్‌సెట్ సరైనదని నా అభిప్రాయం. డబ్బు పెట్టాల్సిన వరుస ఇది: ముందు మంటపెట్టె, తర్వాత పొగగొట్టం, తర్వాత మూత బిగింపు, చివర్లో రంగు, చక్రాలు.

డిజైన్ అంటే సాలిడ్‌వర్క్స్‌లో గీసేది మాత్రమే అనుకునేవాణ్ని. ఒక వస్తువు ఎవరికి రుచి ఇస్తుందో లెక్కేసినట్టే, దాని పొగ ఎవరి గదిలోకి పోతుందో కూడా లెక్కేయడం డిజైన్‌లో భాగమే. 1953లో హైదరాబాద్‌లో ఒక ఇంజినీరు మట్టితో ఆ లెక్కే చేశారు.

మీ ఊళ్లో పొగబెట్టి వండే పద్ధతులు, పొయ్యి భాగాలకున్న పేర్లు ఏవైనా తెలిస్తే రాసి పంపండి. మా మెస్సులో పొయ్యికి ఉన్న పదాలు అయిదు దాటలేదు. మీ అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడిగితే యాభై దొరుకుతాయి. వచ్చే సంచికలో అవన్నీ కలిపి ఒక చిన్న పదకోశం వేద్దాం.